రెండువందల యాభై గ్రాముల తరుగు

మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు ఉప్పలకుదురు తహసీల్దారు కార్యాలయంలో కంప్యూటర్ మూత తీశారు. తీసింది షేక్ బాజీ. అతనికి బస్టాండు పక్కన రిపేరు షాపు ఉంది. తీస్తుండగా చూసినవాళ్ళు ముగ్గురు: డిప్యూటీ తహసీల్దారు పమిడి సుదర్శనరావు, సీనియర్ అసిస్టెంట్ పరాంకుశం, మండల సర్వేయర్ వీరరాఘవులు. ముగ్గురూ నిబంధన ప్రకారం కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

కంప్యూటర్‌కు ఆరేళ్లు. స్విచ్ వేశాక తెర వెలగడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతోంది. సిబ్బంది స్విచ్ వేసి టీకి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చాక అది ఇంకా తిరుగుతుంటే రెండో టీకి వెళ్ళేవాళ్ళు. మండలంలో ధ్రువపత్రాల మీద పడే డిజిటల్ సంతకం ఆ ఒక్క కంప్యూటర్ నుంచే పడుతుంది. తహసీల్దారు నెల రోజులుగా సెలవులో ఉండడంతో ఆ సంతకం సుదర్శనరావుది.

అదే సమయానికి వరండాలో కొక్కిలిగడ్డ పోలేరమ్మ కూర్చుని ఉంది. ఆమె చేపలు అమ్ముతుంది. కూతురు తిరుపతమ్మకు జిల్లా కేంద్రంలోని నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఆదాయ ధ్రువపత్రం శుక్రవారం సాయంత్రం అయిదు గంటల లోపు కాలేజీ వాళ్ళ తెర మీద కనబడాలి. కనబడకపోతే సీటు తర్వాతి ర్యాంకు అమ్మాయికి వెళుతుంది. దరఖాస్తు, విచారణ అయిపోయాయి. సంతకం మిగిలింది. గంటలో అయిపోద్ది పిన్నీ, కూర్చో అన్నాడు బాజీ. ఆమె కూర్చుంది.

మూత తీయడానికి ముందు కంప్యూటర్‌ను తూచారు.

అది నిబంధన. కిందటేడు పక్క మండలంలో సర్వీసుకిచ్చిన కంప్యూటర్‌లోంచి మెమరీ ముక్క ఒకటి మాయమైంది. దాని మీద జిల్లా కార్యాలయం తొమ్మిది అంశాల ఉత్తర్వు వేసింది. తయారు చేసిన అధికారి అంతకుముందు పద్నాలుగేళ్లు పౌరసరఫరాల గోదాముల్లో పనిచేశారు. దొంగతనాన్ని పట్టుకోవడానికి ఆయనకు తెలిసిన పద్ధతి తూకం. ఉత్తర్వులో నాలుగో అంశం ఇది: "ప్రతి కంప్యూటరును మూత తెరుచుటకు పూర్వమును, మూసిన పిదపయును ప్రభుత్వ ముద్ర గల కాటాపై తూచవలెను. వ్యత్యాసము ఉన్న యెడల, త్రిసభ్య కమిటీ సదరు వ్యత్యాసమునకు కారణము నిర్ధారించువరకు యంత్రమునకు సీలు వేసి ఉంచవలెను."

ముద్ర ఉన్న కాటా పక్కనే ఉన్న రేషన్ షాపులో దొరికింది. డీలర్ దివి శేషగిరి స్వయంగా మోసుకొచ్చాడు. ఆ కాటాను ప్రతి నెలా తనిఖీ చేసి, సరిగా ఉన్నదని సంతకం పెట్టేది సుదర్శనరావే. కంప్యూటర్ ఎనిమిది కిలోల ఆరువందల నలభై గ్రాములు తూగింది. పరాంకుశం రిజిస్టర్లో రాశారు. బియ్యం పంపిణీ టైమైందని శేషగిరి కాటా తీసుకుని వెళ్ళిపోయాడు.

బాజీ చేసిన పని మామూలు సర్వీసు. మూత తీసి, పెట్టెను వరండా చివరికి తీసుకెళ్ళి, బ్లోయరుతో దుమ్ము ఊదాడు. ఫ్యాను తుడిచాడు. ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాడు. వైర్లు ఊడదీసి మళ్ళీ గట్టిగా పెట్టాడు. లోపల చచ్చి ఎండిపోయిన బల్లి దొరికింది. దాన్ని కాగితంలో పెట్టి పరాంకుశానికి ఇచ్చాడు. ఆయన "బల్లి ఒకటి, తోక విడిగా" అని రాసుకుని కవరులో వేశారు. తర్వాత బాజీ కంప్యూటర్ ఆన్ చేసి, ఎవరూ వాడని ప్రోగ్రాములు తీసేశాడు. వాటిలో పదకొండు క్యాలెండర్లు, ఒక జాతకం చెప్పేది ఉన్నాయి. మళ్ళీ స్విచ్ వేస్తే తెర నలభై ఎనిమిది సెకన్లలో వెలిగింది. అందరూ టీకి లేచారు, తెర వెలగడం చూసి కూర్చున్నారు.

పన్నెండింటికి మూత బిగించారు. రేషన్ షాపు దగ్గర క్యూ ఉంది, కాటా ఖాళీ లేదు. అందుకని ఎదురుగా ఉన్న అంగన్‌వాడీ నుంచి పిల్లల్ని తూచే కాటా తెప్పించారు. దాని మీదా ప్రభుత్వ ముద్ర ఉంది. టీచరు కాటా తొట్టిలో దుప్పటి పరిచి, కంప్యూటర్‌ను పడుకోబెట్టి, అలవాటుగా వయసు అడిగింది. ఆరేళ్లన్నారు పరాంకుశం. ఎనిమిది కిలోల మూడువందల తొంభై గ్రాములే ఉందని, ఆరేళ్ల వయసుకి ఇది తీవ్ర పోషకాహార లోపమని ఆమె చెప్పింది.

ఆ మాట పట్టించుకోలేదు. రెండువందల యాభై గ్రాములు తగ్గడం పట్టించుకున్నారు. పన్నెండూ ఇరవైకి కంప్యూటర్‌కు గుడ్డ చుట్టి, లక్క సీలు వేశారు.

పోలేరమ్మ లోపలికి వచ్చి తన కాగితం సంగతి అడిగింది.

"వ్యత్యాసం తేలేదాకా యంత్రం ముట్టుకోవడానికి లేదమ్మా," అన్నాడు సుదర్శనరావు.

ఆమె బాజీ వైపు చూసింది. బాజీ తన సంచి విప్పి, టేబులు మీద బోర్లించాడు. స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, పేస్టు ట్యూబు, సగం తిన్న వేరుశనగ చిక్కీ పడ్డాయి. చిక్కీని కూడా తూచారు. ముప్పై గ్రాములు.

బుధవారం పదకొండింటికి త్రిసభ్య కమిటీ సమావేశమైంది. మొదటి రోజు కుర్చీల్లో కూర్చున్న ముగ్గురే సభ్యులు. పోయినదేమిటన్నది మొదటి ప్రశ్న. లోపలి భాగాలన్నీ జాబితాతో సరిపోయాయని పరాంకుశం చెప్పారు. అలాంటప్పుడు పోయినది దుమ్మే అయి ఉండాలని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది. దుమ్ము ప్రభుత్వ ఆస్తి అవునా కాదా అన్నది రెండో ప్రశ్న. ప్రభుత్వ కార్యాలయంలో, ప్రభుత్వ ఫ్యాను కింద, ప్రభుత్వ యంత్రంలో ఆరేళ్లు చేరినది ఇంకెవరి ఆస్తి అవుతుందని సుదర్శనరావు అడిగాడు. ప్రభుత్వ ఆస్తేనని పరాంకుశం రాసుకున్నారు.

బాజీని పిలిచి దుమ్ము ఏ దిక్కుకు ఊదావని అడిగారు. తూర్పుకని చెప్పాడు. వీరరాఘవులు గొలుసు, జెండాలు తెచ్చి వరండా చివరి నుంచి కొలతలు వేశాడు. గాలి వేగం తెలియదు కాబట్టి సగటు తీసుకున్నాడు. దుమ్ములో మూడో వంతు కార్యాలయం ఆవరణలోను, మిగిలినది గోడ దాటి పంచాయతీ ఆవరణలోను పడినట్టు స్కెచ్ గీసి సంతకం చేశాడు. తమ పరిధిలోకి వచ్చిన రెవెన్యూ శాఖ దుమ్మును గుర్తించి తిరిగి అప్పగించవలసినదిగా పంచాయతీకి లేఖ వెళ్ళింది. సాయంత్రం నాలుగింటికి జవాబు వచ్చింది. తమ ఆవరణలో ఉన్న దుమ్ము యావత్తూ పంచాయతీదేనని, బయటి దుమ్ము ప్రవేశించినట్టు తమ వద్ద నమోదు లేదని కార్యదర్శి రాశారు.

కార్యాలయం ఆవరణలోని మూడో వంతు దుమ్ము కోసం స్వీపరు చేత ఊడిపించారు. నాలుగు కిలోల రెండువందల గ్రాములు వచ్చింది. ఇది కమిటీని ఇరుకున పెట్టింది. తక్కువ వస్తే సంజాయిషీ అడగవచ్చు. ఎక్కువ వచ్చిన సరుకు ఎక్కడిదో చెప్పాల్సింది కమిటీయే. చీకటి పడకముందే దాన్ని తిరిగి ఆవరణలో చల్లించారు.

పోలేరమ్మ ఆ రోజూ వచ్చింది. చేపల బుట్ట తోటికోడలికి అప్పగించి వచ్చింది. కమిటీ లేచాక లోపలికి వెళ్ళి, కాగితం మీద సంతకం చేసి ఇవ్వమని, కాలేజీ వాళ్ళ కాళ్ళు పట్టుకుంటానని అంది. కలంతో పెట్టిన సంతకం కాలేజీ తెర మీద కనబడదని పరాంకుశం చెప్పారు. సొంత కూతురు గాయాలకు కట్టు కట్టడం చూడాలని ఇరవై ఏళ్లుగా చేపలు కోస్తున్నానని ఆమె అంది. అది నమోదు చేయలేదు.

గురువారం బాజీ విచారణ. సుదర్శనరావు టైపు చేయించిన ప్రశ్నావళి చదివాడు. సదరు వ్యక్తి సదరు రెండువందల యాభై గ్రాములను దురుద్దేశంతో తొలగించెనా, లేక నిర్లక్ష్యంతో తొలగించెనా అన్నది మూడో ప్రశ్న. రెండిటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. మూడో గడి లేదు.

బాజీ పెన్ను పట్టుకోలేదు. పెట్టెలో దుమ్ము ఎంతుంటుందో తనకు తెలుసునని, పదేళ్లలో ఏ పెట్టెలోనూ గుప్పెడుకు మించి చూడలేదని, గుప్పెడు దుమ్ము పది గ్రాములు తూగితే గొప్పని చెప్పాడు. పది గ్రాములు ఒప్పుకుంటే మిగిలిన రెండువందల నలభై ఎక్కడున్నాయో చెప్పాలన్నాడు సుదర్శనరావు. చెప్పకపోతే శుక్రవారం సాయంత్రం పోలీసు ఫిర్యాదు వెళుతుందన్నాడు.

పోలేరమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమెను ఎవరూ పిలవలేదు.

"మంగళవారం ఏ కాటా మీద తూచారు సారూ?"

"ప్రభుత్వ కాటా."

"శేషగిరి కాటాయేగా. దాని మీద నన్ను నిలబెడితే నేనూ రెండు కిలోలు పెరుగుతాను."

పరాంకుశం పెన్ను ఆగింది. పోలేరమ్మ లెక్క చెప్పింది. ఆ షాపులో ఇరవై కిలోలని పోసిన బియ్యం ఇంటికి తీసుకెళ్ళి తూస్తే అరకిలో పైచిలుకు తగ్గుతాయి. ఊళ్ళో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అంగన్‌వాడీ కాటా పసిపిల్లలది, అది అబద్ధం చెప్పదు. కావాలంటే పెట్టెను నా చేతిలో పెట్టండి, చేపను పట్టుకున్నట్టు పట్టుకుని ఎంతుందో చెబుతానంది.

వీరరాఘవులు కిటికీలోంచి, ముందు రోజు తాను కొలిచిన తూర్పు దిక్కుకు చూశాడు.

"కాటాల విషయం ఈ కమిటీ పరిధిలోకి రాదు," అన్నాడు సుదర్శనరావు. "ఆమె చెప్పింది రాయకండి."

"రాయలేదండి," అన్నారు పరాంకుశం.

బాజీ అదే కాటా మీద మళ్ళీ తూచమని అడిగాడు. ఉత్తర్వులో దానికి అభ్యంతరం లేదు. శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు కాటా రావాలని శేషగిరికి తాఖీదు పంపారు. తాఖీదు అందింది గురువారం మధ్యాహ్నం రెండింటికి. మూడున్నరకు కాటాలు బాగుచేసే మనిషి ఒకతను రేషన్ షాపు వెనక తలుపు దగ్గర కనబడ్డాడని ఇద్దరు చెప్పారు.

శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభైకి సీలు విప్పి కంప్యూటర్‌ను రేషన్ కాటా మీద పెట్టారు. ఎనిమిది కిలోల మూడువందల తొంభై గ్రాములు తూగింది. అంగన్‌వాడీ కాటా చెప్పింది కూడా అంతే.

"మా కాటా ఎప్పుడూ ఇంతే సార్," అన్నాడు శేషగిరి.

దీనితో బాజీ పరిస్థితి ఇంకా చెడింది. ఒకే కాటా మీద మంగళవారానికీ శుక్రవారానికీ రెండువందల యాభై గ్రాముల తేడా ఇప్పుడు రుజువైంది. మళ్ళీ సీలు వేశారు. పరాంకుశం పోలీసు ఫిర్యాదు చిత్తుప్రతి మొదలుపెట్టారు. పోయిన వస్తువు అన్న గడిలో "దుమ్ము" అని రాసి, ఆనవాళ్లు అన్న గడి దగ్గర ఆగారు.

ఆ ఉదయం రేషన్ షాపులో బియ్యం తీసుకున్నవాళ్ళకు ఇంటి దగ్గర తూకం సరిపోయింది. పదకొండింటికల్లా ఈ మాట మండల కేంద్రమంతా తెలిసింది. మంగళవారం, బుధవారం తీసుకున్నవాళ్ళు సంచులతో వచ్చి, మళ్ళీ తూచమని క్యూ కట్టారు. క్యూ తహసీల్దారు కార్యాలయం గేటు దాకా వచ్చింది. శేషగిరి షాపు మూసేశాడు. క్యూ కదల్లేదు.

రెండున్నరకు తిరుపతమ్మ కాలేజీ నుంచి తల్లికి ఫోన్ చేసింది. తర్వాతి ర్యాంకు అమ్మాయి తన తండ్రితో వచ్చి, ఎదురు బెంచీ మీద కూర్చుందని చెప్పింది. పోలేరమ్మ ఫోను కొంగున ముడి వేసుకుని, సుదర్శనరావు గదిలోకి వెళ్ళింది. ఈసారి కూర్చుంది. కుర్చీలోనే.

"సోమవారం కలెక్టరు గారి అర్జీలుంటాయంటగా సారూ."

"ఉంటాయి."

"నాకు రాయడం రాదు. బాజీకొచ్చు. కాటా సంగతీ, ప్రతి నెలా దాని మీద మీరు పెట్టిన సంతకాల సంగతీ రాయిస్తాను. బయట నిలబడ్డ వాళ్ళందరి చేతా వేలిముద్రలేయిస్తాను."

"నన్ను బెదిరిస్తున్నావా అమ్మా?"

"లేదు సారూ. సీటు పోతే నాకు సోమవారం ఖాళీ. ఏం చెయ్యాలో తోచక చెబుతున్నా."

సీటు వస్తే సోమవారం వస్తావా అని సుదర్శనరావు అడిగాడు. సీటొస్తే పిల్లను హాస్టల్లో దింపాలి, తీరికెక్కడిదని ఆమె అంది.

రెండూ యాభైకి కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. దొంగతనం కాదు, కాటా తప్పు కాదు, అయినా బరువు తగ్గింది అని చెప్పగల నిబంధన ఏదైనా ఉందా అని సుదర్శనరావు అడిగాడు. పరాంకుశానికి ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు ఉంది. ఆయన బీరువా తీసి, పౌరసరఫరాల ఉత్తర్వుల కట్ట కిందికి దించారు. నిల్వ ఉన్న సరుకు సహజంగా కొంత తగ్గుతుంది, దానికి తరుగు అని ప్రభుత్వమే అనుమతి ఇస్తుంది. కంప్యూటర్ల ఉత్తర్వు రాసిన అధికారి గోదాముల నుంచి వచ్చినవారే కాబట్టి, తరుగు ఆయనకు అభ్యంతరం కాబోదని పరాంకుశం అభిప్రాయపడ్డారు.

ఎనిమిది కిలోల ఆరువందల నలభైకి రెండువందల యాభై అంటే రెండు పాయింటు ఎనిమిది తొమ్మిది శాతం. బియ్యానికి అనుమతించిన తరుగు అరశాతం. కందిపప్పుకూ అంతే. బెల్లానికి ఒకటిన్నర. మూడూ ఇరవైకి పద్దెనిమిదేళ్ల కిందటి ఉత్తర్వు దొరికింది. ఒక పండక్కి కార్డుదారులకు చింతపండు ఇచ్చినప్పటిది. చింతపండుకు మూడు శాతం.

"కంప్యూటరు చింతపండు ఎలా అవుతుంది?" అన్నాడు వీరరాఘవులు. మూడు రోజుల్లో కమిటీలో అతను నోరు విప్పింది ఇదొక్కసారే.

కాదని ఉత్తర్వులో ఎక్కడా లేదన్నారు పరాంకుశం. నలుపు, నిల్వ సరుకు, ఎండాకాలం బరువు తగ్గుతుంది. సుదర్శనరావు ఆలోచించాడు. గింజ ఉన్నదా, తీసినదా అని అడిగాడు. మూత తీసి లోపల శుభ్రం చేశారు కాబట్టి గింజ తీసినది అనడం సబబని తీర్మానించారు.

నిబంధన వర్తించాక దాని షరతులూ వర్తిస్తాయి. చింతపండును నేల మీద ఉంచరాదు. కంప్యూటర్ కింద రెండు చెక్కలు పెట్టారు. విడుదలకు ముందు నాణ్యతా పత్రం నింపాలి. పరాంకుశం ప్రశ్నలు చదువుతుంటే సుదర్శనరావు చెప్పాడు. రంగు: నలుపు. తేమ: లేదు. పురుగు: లేదు, బల్లి ఒకటి, తోక విడిగా, తొలగించబడినది. పులుపు: సామాన్యం.

తర్వాతి గడిలో, విడుదల చేసే అధికారి సరుకును స్వయంగా రుచి చూసి ధ్రువీకరించవలెనని ఉంది.

గోడ గడియారం నాలుగూ ముప్పై ఆరు చూపిస్తోంది. పోలేరమ్మ కుర్చీలోంచి లేవలేదు. బయట క్యూ ఇంకా ఉంది. రుచి చూసినట్టు రాసేస్తే సరిపోతుందని వీరరాఘవులు సైగ చేశాడు. మూడు రోజులుగా సాక్షుల ఎదుట జరిగిన ప్రక్రియలో చివరి గడి ఒక్కటి అబద్ధం రాస్తే, రేపు మొత్తం చెల్లదంటారని పరాంకుశం చెప్పారు. సాక్షులెవరని సుదర్శనరావు అడిగాడు. పరాంకుశం పోలేరమ్మనూ బాజీనీ చూపించారు.

నాలుగూ ముప్పై తొమ్మిదికి పమిడి సుదర్శనరావు, డిప్యూటీ తహసీల్దారు, కుర్చీలోంచి లేచి, గుడ్డ తొలగించి, కంప్యూటర్ కుడి పక్కన పైమూలను నాలుకతో తాకాడు. పరాంకుశం పత్రంలో రాశారు: "రుచి చూడబడినది. తృప్తికరం."

నాలుగూ నలభై ఒకటికి బాజీ వైరు పెట్టి స్విచ్ వేశాడు. సిబ్బంది ఇద్దరు అలవాటుగా టీకి వెళ్ళారు. తెర నలభై ఎనిమిది సెకన్లలో వెలిగింది. పెండింగులో రెండువందల పద్నాలుగు దరఖాస్తులు ఉన్నాయి. కొక్కిలిగడ్డ తిరుపతమ్మది నూటతొంభై ఆరోది. వరస ప్రకారం రావాలన్నాడు సుదర్శనరావు. పోలేరమ్మ కిటికీలోంచి క్యూ వైపు చూసింది. నాలుగూ నలభై ఏడుకు నూటతొంభై ఆరో దరఖాస్తు మీద సంతకం పడింది. నాలుగూ యాభై రెండుకు అది కాలేజీ తెర మీద కనబడింది. ఎదురు బెంచీ మీది తండ్రీకూతుళ్ళు లేచి వెళ్ళారు.

బాజీ సంచి సర్దుకున్నాడు. మూడు రోజుల కిందట తూచిన చిక్కీ అతనికి తిరిగి ఇవ్వలేదు. దాని మీద విడిగా నిర్ణయం తీసుకోవాల్సి ఉంది.

శనివారం జిల్లా కార్యాలయం కమిటీ నివేదికను ఆమోదించింది. జిల్లాలోని కంప్యూటర్లన్నిటికీ ఇకపై మూడు శాతం తరుగు వర్తిస్తుందని, కింద చెక్కలు వేయాలని, విడుదలకు ముందు సంబంధిత అధికారి రుచి చూడాలని మండలాలకు సర్క్యులర్ వెళ్ళింది.

సోమవారం కలెక్టరు కార్యాలయంలో ఉప్పలకుదురు రేషన్ కాటా మీద అరవై ఒక్క అర్జీలు అందాయి. విచారణ నిమిత్తం వాటిని ఉప్పలకుదురు డిప్యూటీ తహసీల్దారుకు పంపారు. అర్జీదారుల్లో పోలేరమ్మ లేదు. ఉదయం పది గంటల నలభై నిమిషాలకు నర్సింగ్ కాలేజీ హాస్టల్ రిజిస్టర్లో, తల్లి సంతకం అన్న గడిలో, ఆమె వేలిముద్ర వేసింది.